తప్పకుండా అన్న రెండువందల పద్నాలుగు ఇళ్ళు

గరాజు షట్టర్ కిందికి దిగుతుండగా కదా పోయిన వారం ఆపాను. వారమంతా నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, నేను పడ్డదాంట్లో అదెంత?

ఇవాళే ఈ వారపత్రిక తెరిచినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళతాను. నా పేరు సూర్యకుమారి. అరవై ఒకటో ఏడు నడుస్తోంది. భీమవరం దగ్గర పుట్టి, పంతొమ్మిదేళ్ళుగా కెనడాలోని కాల్గరీలో మా తమ్ముడు సుబ్బరాజు ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటున్నాను. వాడు ఇళ్ళకి పైకప్పులు వేయించే కాంట్రాక్టరు. మన దగ్గర ముఖ్యమంత్రి అంటాం చూడండి, ఇక్కడ ఆ కుర్చీలో కూర్చునే మనిషిని ప్రీమియర్ అంటారు. ఆ ప్రీమియర్ పక్కన నిలబడి మా వాడు ఫోటో దిగాడు. దిగిన రోజు నుంచి వాడి కాళ్ళు నేలమీద లేవు. మా పేటకి ఉపఎన్నిక వస్తే, "తెలుగువాళ్ళ ఓట్లు ఐదొందలు నావి, రాసుకోండి" అని పార్టీ ఆఫీసులో బల్లగుద్ది చెప్పి వచ్చాడు. గెలిపిస్తే వచ్చే ఏడాది టికెట్ నీకేనని వాళ్ళూ ఆశ పెట్టారు.

తెలుగువాళ్ళ తలుపులు తట్టి, ఎవరు మనవైపో కాగితం మీద రాసుకొచ్చే పని నాకు అంటగట్టాడు. రెండువందల పద్నాలుగు ఇళ్ళు తిరిగాను. సోమవారం ఓట్లు పడ్డాయి. నూట ముప్ఫై ఏడు ఓట్ల తేడాతో ప్రీమియర్ మనిషి ఓడిపోయాడు. ఎవరో వెన్నుపోటు పొడిచారని మా వాడు ఆరు రోజులు పిచ్చెత్తినట్టు తిరిగి, చివరికి ఆ ఎవరో అంజయ్యేనని తేల్చుకున్నాడు.

అంజయ్యది జగిత్యాల. ట్రక్కు నడుపుతాడు. మా వాడికి పన్నెండేళ్ళ స్నేహితుడు. ఎన్నికలకి పది రోజుల ముందు తన ఇంటి ముందు మంచులో పాతి ఉన్న మా పార్టీ సైను, అదే కర్రకి బిగించిన ప్రచారం అట్ట, పీకేసి, అవతలి పార్టీ సైను పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో పేటంతటికీ తెలుసు. అతని భార్య శ్యామల పక్షవాతంతో ఎమర్జెన్సీలో పదకొండు గంటలు కుర్చీలో కూర్చుంది. డాక్టరు వచ్చేసరికి కుడి చెయ్యి పడిపోయింది. ఇక్కడ ఆస్పత్రులు నడిపేది ప్రీమియర్ ప్రభుత్వమే.

అలాంటి మనిషిని ఆదివారం పొద్దున పదకొండింటికి మా వాడు ఫోన్ చేసి పిలిచాడు. "ఎన్నికలు అయిపోయాయి కదా, సైన్లన్నీ మా గరాజులో కుప్ప పడి ఉన్నాయి. నీ ట్రక్కులో వేసి పార్టీ ఆఫీసులో దింపి రావాలి" అన్నాడు. అవతలి పార్టీలోకి వెళ్ళినవాడు ఈ పార్టీ సైన్లు మొయ్యడమేమిటి? అంజయ్య ఆ మాట అనలేకపోయాడు. మొహమాటం. వచ్చాడు.

వచ్చాక షట్టర్ దిగింది. లోపల నలుగురం ఉన్నాం. మా మరదలు వైదేహిని, పిల్లల్ని వాడు ముందే గుడికి పంపేశాడు. నేను గరాజులో ఉన్న స్టవ్ దగ్గర అప్పడాలు వేయిస్తున్నాను. నూనె వాసన ఇంట్లోకి రాకూడదని ఇక్కడ మనవాళ్ళు వేపుళ్ళన్నీ గరాజులోనే కానిస్తారు. నాలుగో మనిషి గోపీకృష్ణ. మా వాడి దగ్గర పనిచేస్తాడు. అతని వర్క్ పర్మిట్ కాగితాల మీద మా వాడి సంతకం ఉంటేనే అతనికి ఈ దేశంలో ఉండే వీలు. ముప్ఫై ఏళ్ళవాడు, బలిష్ఠుడు, నెమ్మదస్తుడు. ఆ పొద్దున అతను నా కళ్ళలోకి చూడలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

"ఎక్కిద్దామా రాజన్నా? నాకు మళ్ళ రెండింటికి లోడు ఉన్నది" అన్నాడు అంజయ్య, వంగి నాలుగు సైన్లు చంకలో పెట్టుకుంటూ.

మా వాడు తల ఊపాడు. అంతే. గోపీకృష్ణ సైను కర్ర ఒకటి తీసి వంగి ఉన్న అంజయ్య వీపు మీద కొట్టాడు. సైన్లు చెల్లాచెదురయ్యాయి. ఆ మనిషి బోర్లా పడి, లేవబోతే రెండో దెబ్బ మెడ పక్కన పడింది. కర్ర విరిగింది. మా వాడు బూటుకాలితో డొక్కలో తన్నాడు. ఒకటి కాదు, నాలుగో ఐదో. అంజయ్య కేక కూడా పెట్టలేదు, గాలి పోయిన చప్పుడొకటి వచ్చింది.

"ఒరేయ్! ఏం చేస్తున్నార్రా!" అని అరిచాను. నా చేతిలో అట్లకాడ ఉంది. దాంతోనే గోపీని తోశాను.

"నువ్వు పక్కకి తప్పుకో అక్కా. ఇది మగాళ్ళ పని" అన్నాడు సుబ్బరాజు.

మగాళ్ళ పనట. రెండువందల పద్నాలుగు ఇళ్ళ మెట్లు మైనస్ ఇరవై డిగ్రీల చలిలో ఎక్కి దిగినప్పుడు అది ఆడాళ్ళ పనయింది కాబోలు!

ఇద్దరూ కలిసి అంజయ్యని లేపి పనిబల్ల దగ్గరికి ఈడ్చారు. ఆ బల్ల అంచుకి వైస్ బిగించి ఉంటుంది. ఇనుప ముక్క కదలకుండా రెండు దవడల మధ్య పట్టుకునే సాధనం, చూసే ఉంటారు. గోపీ వెనక నుంచి మెడ చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాడు. మా వాడు అంజయ్య కుడి అరచేతిని ఆ దవడల మధ్య పెట్టి పిడి తిప్పాడు. చెయ్యి ఇరుక్కుంది. ఇంకో పావు చుట్టు తిప్పాడు. అప్పుడు అరిచాడు అంజయ్య.

మా వాడు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి అంజయ్య మొహం ముందు ఆడించాడు. "ఏ బాక్సులో ఎన్ని పడ్డాయో ఇక్కడ ప్రింటు చేసి మరీ ఇస్తారు, తెలుసా? మనవాళ్ళందరూ ఓటేసేది స్కూలు బాక్సులో. మా అక్క లెక్క ప్రకారం మనకి నాలుగొందల పైన రావాలి. ఎన్నొచ్చాయిరా? అరవై ఒకటి! అరవై ఒకటి! రాత్రికి రాత్రి జనాన్ని ఎలా తిప్పావు? ఏం చెప్పి తిప్పావు?"

"నేనెవ్వల్నీ తిప్పలే రాజన్నా. నా ఇంటి ముందల సైను నేను మార్చుకున్న. గంతే. మా శ్యామల చెయ్యి చూసినంక గా ప్రీమియర్ బొమ్మ నా వాకిట్ల పెట్టుకోబుద్ధి కాలే. ఇంకొక్కల ఇంటికి పోలే, ఒక్కలకు ఫోన్ చెయ్యలే. పిల్లల మీద ఒట్టు."

"ఒట్లు నా దగ్గర కాదు. పార్టీ ఆఫీసువాడు నాకు ఫోన్ చేసి నవ్వాడ్రా! ఐదొందలెక్కడ మిస్టర్ రాజూ అని నవ్వాడు!" మా వాడి నోట్లోంచి తుంపరలు పడుతున్నాయి. "వీడియోలో చెప్పు. నేను అబద్ధాలు చెప్పి తెలుగు ఓట్లన్నీ అవతలికి మళ్ళించాను, సుబ్బరాజుగారి తప్పేమీ లేదు అని చెప్పు. అది ఆఫీసుకి పంపుతా, మన వాట్సాప్ గ్రూపులన్నిట్లో పెడతా. అప్పుడు వదులుతా."

ఇంకో పావు చుట్టు. వేళ్ళ చివర్లు నల్లబడుతున్నాయి. అంజయ్య మొహం చెమటతో తడిసిపోయింది. స్టీరింగ్ పట్టుకుని బతికే మనిషికి కుడి చెయ్యి పోతే ఏముంటుంది? ఆ ఇంట్లో అప్పటికే ఒక కుడి చెయ్యి పనిచెయ్యడం లేదు.

"సరే రాజన్నా," అన్నాడు, ఏడుస్తూనే. "నువ్వేం జెప్పమంటే గది జెప్త. తప్పకుండా జెప్త. చెయ్యి ఇడువు."

తప్పకుండా. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. అంజయ్య మీద కాదు, నా మీద.

గోపీ అంజయ్య మెడ మీంచి చెయ్యి తీసి ఫోన్ పైకెత్తాడు. ఇంకొక్క నిమిషంలో ఆ మనిషి నా తప్పు తన నెత్తిన వేసుకుని, ఊరందరి ముందూ ద్రోహి అయిపోతాడు. స్టవ్ ఆర్పేశాను. నూనె మూకుడు వైపు నా చెయ్యి వెళ్ళలేదని అబద్ధం చెప్పను. వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను.

"ఒరేయ్ సుబ్బరాజూ, ఆ లెక్క తప్పు. నేను తప్పు రాశాను" అన్నాను.

వాడు తిరిగి చూశాడు. గోపీ ఫోన్ దించాడు.

"ఒకటి అంటే కచ్చితంగా మనవాళ్ళు, ఐదు అంటే అసలు వెయ్యరు, మధ్యలో ఊగేవాళ్ళకి మధ్య అంకెలు. అలాగే కదా రాయమన్నావు? నేను అందరికీ ఒకటే రాశాను. రెండువందల పద్నాలుగు ఇళ్ళకీ ఒకటే."

"ఎందుకు రాశావ్?"

"తప్పకుండా అన్నారు కాబట్టి రాశాను! తలుపు తీస్తారు, ఆంటీ లోపలికి రండి అంటారు, టీ పెడతారు. ప్రీమియర్ ఎలా చేస్తున్నాడమ్మా అంటే బాగానే అండీ అంటారు. మనకే వెయ్యాలి సుమా అంటే తప్పకుండా అండీ, మీరొచ్చి అడిగాక కాదంటామా అంటారు. మొహమాటానికి పోతే ఏదో అయిందని మోటు సామెత ఒకటుంది, నా నోటితో చెప్పించకు. నర్సు మధుమిత చూడు, నేను ప్రీమియర్ పేరెత్తితే కారప్పూస పెట్టింది. రెండోసారి ఎత్తితే ఇంకాస్త పెట్టింది. ఆ పిల్ల ఒక్కసారైనా ఊఁ అనలేదు. డాక్టర్ రాగిణి తప్పకుండా ఆంటీ అంటూనే కరెంటు బిల్లు చూపించి తల పట్టుకుంది. నాకు కళ్ళు లేవా? కనిపించింది. టీ తాగిన ఇంటికి ఐదు అంకె వెయ్యడానికి చెయ్యి రాలేదు. నీ ముందు ఐదు అంకె పెట్టడానికి అసలే రాలేదు. ఒక్క అంకె తగ్గినా నువ్వు కంచం విసిరేస్తావు."

"అందరూ అబద్ధం చెప్పారంటావా? రెండొందల ఇళ్ళూ?"

"అబద్ధం కాదురా, మర్యాద. మనకి తెలియని మర్యాదా అది? మన నాన్న ఊళ్ళో రెండు పార్టీలవాళ్ళకీ అరుగు మీద కుర్చీ వేసి మీకే అండీ అనలేదూ?"

వాడు ఏదో అనబోయాడు. నేను ఆగలేదు. నోరు తెరిస్తే ఆగే రకం కాదు నేను.

"ఇంకా విను. ఎన్నికల రోజు ఒకటి అంకె ఉన్న ఇళ్ళకే కదా కార్లు పంపించావు? ఆరు కార్లు, రెండు వ్యాన్లు. బయట మైనస్ ఇరవై రెండు. వాళ్ళ మానాన వాళ్ళని వదిలేస్తే సగం మంది దుప్పటి కప్పుకుని ఇంట్లో కూర్చునేవాళ్ళు. నువ్వు హీటర్ వేసిన వ్యాన్లలో ఎక్కించి, కాఫీలిచ్చి, స్కూలు గుమ్మం దాకా దింపావు. వాళ్ళు థ్యాంక్యూ చెప్పి లోపలికెళ్ళి నీ ప్రీమియర్‌కి వ్యతిరేకంగా గుద్ది వచ్చారు. నూట ఎనభై మందిని మోశావు. ఓడింది నూట ముప్ఫై ఏడుతో. అంజయ్య ఓడించలేదురా నిన్ను. నా అంకెలు, నీ వ్యాన్లు ఓడించాయి."

గోపీకి నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో, గొంతులో ఏదో చప్పుడైంది. ఆ క్షణాన మా వాడు కూడా నవ్వేసి ఉంటే ఎంత బాగుండేది! వాడికి చిన్నప్పుడు నవ్వు వచ్చేది. ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

"నువ్వెవరికి వేశావ్?" అన్నాడు.

ఇది అడుగుతాడని నేను అనుకోలేదు. మా ఇల్లు కూడా ఆ కాగితంలో ఉంది. మొదటి వరసలోనే ఉంది. దాని పక్కనా ఒకటి అంకే వేశాను.

"అవతలి వాళ్ళకి" అన్నాను. "నేను పనిచేసే వృద్ధాశ్రమంలో పద్దెనిమిది మందికి ఒక్క మనిషిని మిగిల్చారు, ఈ ప్రీమియర్ వచ్చాక. ఒకామె మంచం దిగబోయి పడి, నేను చూసేసరికి నలభై నిమిషాలైంది. నలభై నిమిషాలు నన్ను పిలుస్తూనే ఉందట. వెయ్యలేదురా నీ ప్రీమియర్‌కి. వెయ్యను."

"నా ఇంట్లో ఉంటూ... నా ఉప్పు తింటూ..."

"నెలనెలా అద్దె ఇస్తున్నాను, ఉప్పు నా జీతంలో కొనుక్కున్నదే. నువ్వీ దేశం వచ్చాక ఎన్ని పార్టీలు మార్చావు? మూడు! ఫోటోలు కూడా చించకుండా దాచుకున్నావు. నువ్వు మారితే రాజకీయమూ, అంజయ్య మారితే ద్రోహమూనా?"

కొట్టాడు. నా తమ్ముడు, నేను ఎత్తుకుని తిప్పిన వాడు, చెంప మీద ఈడ్చి కొట్టాడు. సైన్ల కుప్ప మీద పడ్డాను. కర్ర చివర నుదుటికి గుచ్చుకుని రక్తం కంట్లోకి దిగింది. పైనుంచి వాడి గొంతు వినిపించింది. "గోపీ, ఫోన్ ఎత్తు. అంజయ్యా, చెప్పు."

అంజయ్య చెప్పలేదు.

"చెప్పరా! ఇప్పుడే తప్పకుండా అన్నావు!"

"అన్న. ఇప్పుడు నాతోని కాదు రాజన్నా," అన్నాడు అంజయ్య. "అక్క నిజం జెప్పినంక నేను అబద్ధం ఎట్ల జెప్పాలె? జెప్ప."

మా వాడు రెండు చేతులతో వైస్ పిడి పట్టుకుని బలమంతా పెట్టి తిప్పాడు. ఒక చుట్టు, పూర్తిగా. ఎముకలు విరిగిన చప్పుడు విన్నాను. తర్వాత వచ్చిన అరుపు మనిషి అరుపులా లేదు. గోపీ చేతిలో ఫోన్ జారి పడింది. అతను గోడ దగ్గరికి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. "సార్, చాలు సార్, చచ్చిపోతాడు సార్" అంటున్నాడు. మా వాడు వినడం లేదు. పిడి మీదకి మళ్ళీ వంగుతున్నాడు.

సైను కర్రలు గడ్డకట్టిన నేలలోకి దిగాలంటే మూడు కిలోల సుత్తి కావాలి. అది నా పక్కనే సైన్ల కింద ఉంది. ఎప్పుడు లేచానో, ఎప్పుడు అందుకున్నానో చెప్పమంటే చెప్పలేను. భుజం మీద కొడదామనుకున్నాను. దేవుడి సాక్షిగా భుజం మీదే అనుకున్నాను. కంట్లో రక్తం, వాడు అదే సమయంలో వంగాడు. చెవి వెనక తగిలింది.

వాడు నా వైపు తిరిగాడు. "అక్కా" అన్నాడు, చిన్నప్పుడు పడిపోతే పిలిచినట్టు. మోకాళ్ళ మీదికి కూలి, అక్కడి నుంచి పక్కకి ఒరిగి, సిమెంటు నేల మీద తల కొట్టుకుని పడ్డాడు.

ముందు వైస్ విప్పాను. తమ్ముడు కింద పడి ఉంటే ముందు వైస్ విప్పావా అని మా వదినలు, బాబాయిలు రేపు అడుగుతారు. అడగనివ్వండి. పిడి వెనక్కి తిప్పాను. అంజయ్య చెయ్యి బయటికొచ్చింది. దాన్ని చెయ్యి అనడానికి లేదు. చీర కొంగు చింపి చుట్టాను. అతను బల్లకి జారగిలబడి కూర్చున్నాడు.

ఫోన్ తీసి అంబులెన్స్ కోసం 911 నొక్కాను. మోగుతుండగానే అంజయ్య మంచి చేత్తో నా చీర పట్టుకున్నాడు.

"అక్కా, నిచ్చెన మీదికెల్లి పడ్డడని జెప్పు. రూఫింగ్ పనోళ్ళు పడరా? ఎవ్వలు అడగరు. నా చెయ్యి మీద నిచ్చెన పడ్డదని నేను జెప్త. నిన్ను జైళ్ళ ఎయ్యనియ్య."

గోపీ మూతి తుడుచుకుంటూ లేచాడు. "నేనూ అదే చెప్తాను ఆంటీ. తప్పకుండా. నిచ్చెన ఇప్పుడే దించి ఇక్కడ పడేస్తాను." అతను అప్పటికే గోడకున్న నిచ్చెన వైపు నడుస్తున్నాడు.

మంచివాళ్ళే. ఇద్దరూ నా మేలు కోరే చెబుతున్నారు. ఈ వయసులో చేతికి బేడీలు వద్దని చెబుతున్నారు. నాకూ వద్దనే ఉంది. నిచ్చెన నేల మీద పడిన చప్పుడైంది.

ఫోన్‌లో ఆడపిల్ల గొంతు, ఇంగ్లీషులో, ఏం జరిగిందండీ అని అడిగింది.

"ఇద్దరికి దెబ్బలు తగిలాయి. ఒకరి చెయ్యి నలిగిపోయింది. ఒకరికి తలమీద" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. అడ్రసు చెప్పాను.

"పడ్డారా?"

అంజయ్య నా వైపు చూస్తూ తల ఊపుతున్నాడు. గోపీ నిచ్చెన పక్కన నిలబడి తల ఊపుతున్నాడు.

"లేదమ్మా. కొట్టుకున్నారు."

"తలమీద కొట్టిన మనిషి ఇంకా అక్కడే ఉన్నారా?"

"ఉంది" అన్నాను. "నేనే. వాడు నా తమ్ముడు. నేనే కొట్టాను."

అంజయ్య "అయ్యో అక్కా" అని తల బల్లకేసి కొట్టుకున్నాడు. ఫోన్‌లో ఆ పిల్ల నెమ్మదిగా, నన్ను వాడి దగ్గరికి వెళ్ళమంది. ఊపిరి తీసుకుంటున్నాడో లేదో చూసి చెప్పమంది.

మోకాళ్ళ మీద కూర్చుని, వాడి ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. ఆ పైది వచ్చే వారం.